ఐదేళ్లలోపు బిడ్డ జబ్బుతో వస్తే ముందు ఏం చూడాలి? కొత్తగా చేరిన నర్సులకు

బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లి దగ్గనో, జ్వరమనో, మోషన్స్ అనో చెబుతుంది. మీరు తేల్చాల్సింది ఇంకొకటి ఉంది. ఈ బిడ్డను ఇప్పుడే 108 ఎక్కించాలా, ఇక్కడే మందిచ్చి పంపొచ్చా, ఇంట్లో చూసుకుంటే సరిపోతుందా? మన దేశంలో 2003 నుంచి నడుస్తున్న ఐఎంఎన్‌సీఐ, అంటే పసికందుల, పిల్లల జబ్బులన్నిటినీ కలిపి చూసే పద్ధతి, అంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. చార్టు బుక్‌లెట్‌లో గులాబీ రంగు పెద్దాసుపత్రికి, పసుపు ఇక్కడి వైద్యానికి, ఆకుపచ్చ ఇంటి జాగ్రత్తకు. ట్రైనింగ్‌లో అందరం నేర్చుకుంటాం. బయట ఇరవై మంది తల్లులు నిలబడి ఉంటే మాత్రం అందులో సగం వదిలేస్తాం. సబ్‌సెంటర్‌లోనో, విలేజ్ క్లినిక్‌లోనో, పల్లె దవాఖానాలోనో, పీహెచ్‌సీలోనో కొత్తగా చేరినవాళ్లు ఆ వదిలేసే సగాన్ని ఎలా వదలకుండా ఉండాలో ఇక్కడ చెబుతున్నాను.

పొద్దున తలుపు తీయగానే

బరువు మిషన్ సున్నా దగ్గర ఉందో లేదో చూడండి. పిల్లల మందులన్నీ బరువును బట్టే కాబట్టి మిషన్ అరకిలో తప్పు చూపిస్తే ఆ రోజు ఇచ్చే ప్రతి డోసూ తప్పే. థర్మామీటర్, చేతి చుట్టుకొలత టేపు, సెకన్ల ముల్లున్న గడియారం లేదా శ్వాస లెక్కపెట్టే టైమర్ టేబుల్ మీదే ఉండాలి, బీరువాలో కాదు. పల్స్ ఆక్సీమీటర్ ఉంటే చిన్నపిల్లల ప్రోబ్ కూడా ఉందా చూసుకోండి. పెద్దవాళ్ల క్లిప్పును ఆరు నెలల పాప వేలికి పెడితే వచ్చే అంకెను నమ్మలేం. ఒక మూలన లీటరు కొలిచే జగ్గు, గ్లాసు, చెంచా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు సిద్ధంగా పెట్టండి. బిడ్డ వచ్చాక వెతికితే ఆలస్యమవుతుంది.

మొదటి అడుగు: వయసు, బరువు, నాలుగు ప్రమాద చిహ్నాలు

వయసు నెలల్లో అడగండి. "ఏడాది ఉంటుంది మేడమ్" అన్నది సరిపోదు, ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు) తీసి పుట్టిన తేదీ చూడండి. పదకొండు నెలల బిడ్డకు ఒక లెక్క, పన్నెండు నెలలు నిండిన బిడ్డకు ఇంకో లెక్క. రెండు నెలలు కూడా నిండని పసికందు అయితే దారే వేరు, దాని గురించి చివర్లో చెబుతాను.

బరువు చూశాక, జబ్బు ఏదైనా సరే, ఈ నాలుగూ చూడాలి. బిడ్డ పాలు గానీ నీళ్లు గానీ తాగలేకపోతున్నాడా? తాగిందంతా కక్కేస్తున్నాడా? ఈ జబ్బులో ఫిట్స్ వచ్చాయా? మగతగా, పిలిచినా పలకనట్టు ఉన్నాడా?

అడగడంతో ఆగొద్దు, చేయించి చూడండి. "పాలు తాగట్లేదు" అని చాలామంది తల్లులు అంటారు. మామూలుగా తాగేదాంట్లో సగమే తాగినా అలాగే అంటారు. "ఒకసారి రొమ్ము పట్టించమ్మా" అని మీ ఎదురుగా పట్టించండి. ముక్కు మూసుకుపోయి వదిలేస్తున్నాడా, అసలు నోరే తెరవట్లేదా, అక్కడే తెలిసిపోతుంది. నిద్రపోతున్నాడా మగతగా ఉన్నాడా అన్న అనుమానం వస్తే తల్లిని పిలవమనండి, చప్పట్లు కొట్టండి, అరికాలు గిల్లి చూడండి. నిద్రలో ఉన్న బిడ్డ చిరాకుపడి ఏడుస్తాడు. మగతలో ఉన్న బిడ్డ కళ్లు తెరిచినా మీ వైపు చూడడు.

నాలుగింటిలో ఒక్కటి ఉన్నా బిడ్డ గులాబీ గడిలోకి వచ్చినట్టే. 108కి ఫోన్ చేయించండి. బండి వచ్చేలోపు మిగతా పరీక్ష గబగబా ముగించి, ఇవ్వాల్సిన మొదటి డోసు ఇవ్వండి.

దగ్గు: ఒక నిమిషం మీది

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. నెమ్మును (న్యుమోనియాను) గుర్తుపట్టడానికి స్టెతస్కోపు కన్నా గడియారమే ఎక్కువ పనికొస్తుంది, ఆ గడియారాన్ని చూసే ఓపికే మనకు తక్కువ.

బిడ్డను తల్లి ఒళ్లోనే ఉంచండి. మీ చేతుల్లోకి తీసుకుంటే ఏడుస్తాడు, ఏడ్చే బిడ్డ శ్వాస లెక్కకు రాదు. నిద్రపోతుంటే ఇంకా మంచిది, లేపొద్దు. చొక్కా పైకెత్తమనండి. పొట్ట, ఛాతీ కలిసే చోట చూస్తూ పూర్తిగా అరవై సెకన్లు లెక్కపెట్టండి. ముప్పై సెకన్లు చూసి రెండుతో గుణించడం అలవాటు చేసుకోవద్దు. చిన్నపిల్లల శ్వాస ఒకేలా నడవదు, కాసేపు గబగబా, కాసేపు నెమ్మదిగా ఉంటుంది. మధ్యలో ఎవరైనా వచ్చి "మేడమ్, బీపీ టాబ్లెట్లు" అంటే చేయెత్తి ఆపండి. లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచీ.

రెండు నెలల నుంచి పన్నెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 50 లేదా అంతకన్నా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు 40 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే అది వేగంగా ఊపిరి తీయడమే. దగ్గు, వేగంగా శ్వాస తప్ప ఇంకే ప్రమాదమూ లేకపోతే అది పసుపు గడిలోని నెమ్ము. చార్టులో బరువుకు రాసి ఉన్న డోసు ప్రకారం అమాక్సిసిలిన్ కరిగే మాత్రలు ఐదు రోజులకు ఇవ్వాలి. మొదటి డోసు మీ ముందే వేయించండి. చెంచాలో కాస్త తల్లిపాలో, కాచి చల్లార్చిన నీళ్లో పోసి, మాత్ర వేసి, కరిగాక తల్లి చేతే తాగించండి. రెండు రోజుల్లో మళ్లీ తీసుకురమ్మనండి.

శ్వాస లెక్కపెట్టేటప్పుడే ఇంకొకటి కనబడుతుంది. ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడు ఛాతీ కింది భాగం పైకి లేవాల్సింది పోయి లోపలికి గుంటపడుతుంటే, మన ఊళ్లలో దాన్నే డొక్కలెగరేయడం అంటారు. ఈ మాట అమ్మమ్మలకు బాగా తెలుసు. "పెద్దమ్మా, రాత్రి డొక్కలెగరేశాడా?" అని అడిగితే "రిట్రాక్షన్స్ ఉన్నాయా" అన్న ప్రశ్నకు రాని జవాబు వస్తుంది. డొక్కలెగరేస్తున్నా, ఏడవకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా ఊపిరి పీల్చినప్పుడు గొంతులోంచి గరుకు చప్పుడు వస్తున్నా, ఆక్సిజన్ 90 శాతం కన్నా తక్కువ చూపిస్తున్నా పెద్దాసుపత్రికి పంపాల్సిందే. మీ ప్రోటోకాల్‌లో ఉన్న మొదటి డోసు యాంటీబయాటిక్ ఇచ్చి పంపండి, ఆక్సిజన్ ఉంటే పెట్టండి.

ఇవేవీ లేకుండా ఉత్త జలుబు, దగ్గే అయితే యాంటీబయాటిక్ వద్దు, దగ్గు సిరప్ అంతకన్నా వద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక, అదే ఏడాది అక్టోబర్‌లో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దనీ, ఐదేళ్లలోపు వాళ్లకు మామూలుగా అవి అవసరం లేదనీ చెప్పింది. సిరప్ ఇవ్వలేదని తల్లి అలుగుతుంది. అలిగినా ఫర్వాలేదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు గోరువెచ్చని నీళ్లు, తులసి కషాయం, ఏడాది దాటిన బిడ్డకైతే చెంచాడు తేనె చాలని చెప్పండి. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించొద్దు. ముక్కు బిగుసుకుపోతే ఉప్పునీటి చుక్కలు వేసి, ఆ తర్వాత పాలు పట్టమనండి.

మోషన్స్: గిల్లి చూడండి, తాగించి చూడండి

ముందు రెండు ప్రశ్నలు. ఎన్ని రోజులుగా? రక్తం పడుతోందా? పద్నాలుగు రోజులు నిండినా, రక్తం పడినా ఆ దారి వేరు, మెడికల్ ఆఫీసర్‌కు చూపించాలి. మామూలు నీళ్ల విరేచనాలకు యాంటీబయాటిక్ పనిలేదు. మోషన్లు ఆపే మాత్రలు పిల్లలకు అసలే వద్దు.

ఒంట్లో నీళ్లు ఎంత తగ్గాయో నాలుగు చోట్ల కనబడుతుంది. బిడ్డ ఎలా ఉన్నాడు, కళ్లు, దాహం, చర్మం. కళ్లు లోపలికి పోయాయో లేదో మీకన్నా తల్లికే బాగా తెలుసు, "ఎప్పుడూ ఇలాగే ఉంటాయా?" అని అడగండి. గ్లాసుతో నీళ్లు నోటి దగ్గర పెట్టండి. గ్లాసు లాక్కుని ఆత్రంగా తాగుతున్నాడా, అసలు గుటకే వేయట్లేదా చూడండి. చర్మం గిల్లే చోటు బొడ్డుకూ పక్కకూ సరిగ్గా మధ్యన. గోళ్లతో కాకుండా బొటనవేలు, చూపుడువేలు పక్కలతో, ఒంటి పొడవు దిశలో చర్మాన్ని మడతలా పట్టి, ఒక్క క్షణం ఉంచి వదలండి. వెంటనే సర్దుకుంటే మంచిదే. మడత కాసేపు కనబడి సర్దుకుంటే నెమ్మది. రెండు సెకన్లు దాటితే చాలా నెమ్మది. బాగా చిక్కిపోయిన పిల్లల చర్మం జబ్బు లేకున్నా నెమ్మదిగానే సర్దుకుంటుంది, బొద్దుగా ఉన్న పిల్లల్లో నీళ్లు తగ్గినా చర్మం త్వరగా సర్దుకోవచ్చు. అందుకే ఒక్క గుర్తును పట్టుకుని నిర్ణయించకూడదు, రెండు కలవాలి.

మగత, లోతుకు పోయిన కళ్లు, తాగలేకపోవడం, చర్మం చాలా నెమ్మదిగా సర్దుకోవడం, వీటిలో రెండు ఉంటే అది తీవ్రమైన డీహైడ్రేషన్. సెలైన్ పెట్టగలిగిన చోటికి వెంటనే పంపాలి. గుటక వేయగలిగితే దారి పొడవునా తల్లి ఓఆర్‌ఎస్ చెంచాలతో పడుతూనే ఉండాలి. చిరాకు, లోతు కళ్లు, ఆత్రపు దాహం, చర్మం నెమ్మదిగా సర్దుకోవడం, వీటిలో రెండు ఉంటే బిడ్డను మీ దగ్గరే నాలుగు గంటలు కూర్చోబెట్టుకోండి. కిలో బరువుకు 75 మి.లీ. చొప్పున ఓఆర్‌ఎస్. ఎనిమిది కిలోల బిడ్డకు 600 మి.లీ., అంటే 200 మి.లీ. పట్టే గ్లాసుతో మూడు గ్లాసులు. ఇంకా అడిగితే ఇంకా ఇవ్వండి. నాలుగు గంటలయ్యాక మళ్లీ మొదటి నుంచీ చూసి నిర్ణయించండి.

తాగించే తీరులోనే కిటుకుంది. గ్లాసెత్తి గటగటా పోస్తే బిడ్డ కక్కేస్తాడు, "నీళ్లు కూడా ఇమడట్లేదు, సెలైన్ పెట్టండి" అని ఇంటాయన గొడవకు దిగుతాడు. నిమిషానికో, రెండు నిమిషాలకో ఒక చెంచా. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ ఇంకాస్త నెమ్మదిగా. సెలైన్ కోసం పట్టుబట్టేవాళ్లకు నేను 1971 సంగతి చెబుతాను. బంగ్లాదేశ్ యుద్ధం రోజుల్లో బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా పాకి, సెలైన్ సీసాలు నిండుకుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లను బంధువుల చేతే తాగించి వేలమందిని కాపాడారు. చనిపోయిన తర్వాత, 2023లో, ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చారు. ఎక్కువమంది వింటారు. వినని వాళ్లకు ఆ చెంచా చేతికిచ్చి పక్కనే కూర్చోవడం తప్ప మార్గం లేదు.

డీహైడ్రేషన్ లేకపోతే ఇంటికే పంపండి. మోషన్ అయిన ప్రతిసారీ రెండేళ్లలోపు బిడ్డకు పావు గ్లాసు నుంచి అర గ్లాసు, రెండేళ్లు దాటితే అర నుంచి గ్లాసు ఓఆర్‌ఎస్. తల్లిపాలు ఆపొద్దు, అన్నం ఆపొద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డకు ఉప్పేసిన గంజి, మజ్జిగ, పప్పుకట్టు, కొబ్బరినీళ్లు మంచివే. కూల్‌డ్రింకులు, తీపి జ్యూసులు మోషన్స్‌ను పెంచుతాయి.

ప్యాకెట్ కలపడం తల్లి చేత మీ ముందే చేయించండి. లీటరు ప్యాకెట్ అంటే లీటరు నీళ్లలో మొత్తం ప్యాకెట్, ఒకేసారి. చాలామంది చిటికెడు తీసి గ్లాసులో వేసి, మిగతాది మడిచి అల్మారాలో పెడతారు. అలా చేస్తే ఒక గ్లాసు ఉప్పుకషాయం అవుతుంది, ఇంకో గ్లాసు ఉత్తనీళ్లు. 200 మి.లీ. చిన్న ప్యాకెట్లు కూడా ఉన్నాయి కాబట్టి వెనక రాసింది చదివి చెప్పండి. కలిపింది మూతపెట్టి 24 గంటల్లోపు వాడేయాలి, మిగిలితే పారబోయాలి. మళ్లీ కాచకూడదు, పంచదార కలపకూడదు.

షాపుల్లో ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మిన తీపి డబ్బాల సంగతి కూడా చెప్పండి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడాక, 2025 అక్టోబర్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడొద్దని ఆదేశించింది. లేబుల్ మారినా అలవాటు వెంటనే మారదు, "డబ్బాది కాదమ్మా, పొడి ప్యాకెట్" అని గుర్తుచేయండి.

జింక్ పద్నాలుగు రోజులు. రెండు నెలల నుంచి ఆరు నెలల లోపు 10 మి.గ్రా., అంటే 20 మి.గ్రా. మాత్రలో సగం. ఆ పైన ఒక మాత్ర. మూడో రోజుకు మోషన్స్ తగ్గగానే మాత్ర మానేస్తారు. షీటు మీదే పెన్నుతో రోజుల అంకెలు రాసివ్వండి, ఆశా అక్కకు కూడా చెప్పి ఉంచండి.

జ్వరం: సీసా మీద అంకె చదవండి

పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా., ఆరు గంటలకు ఒకసారి, రోజుకు నాలుగు డోసులు దాటకుండా. ఈ లెక్క అందరికీ వచ్చు. తప్పు జరిగేది సీసా దగ్గర. పది కిలోల బిడ్డకు 150 మి.గ్రా. కావాలి. 5 మి.లీ.కి 125 ఉన్న సిరప్ అయితే 6 మి.లీ. అదే 250 ఉన్న సిరప్ అయితే 3 మి.లీ. మి.లీ.కి 100 ఉన్న చుక్కల మందైతే ఒకటిన్నర మి.లీ. మాత్రమే. ఇంట్లో చుక్కల మందు ఉన్న తల్లికి "ఆరు మి.లీ. పోయమ్మా" అని చెప్పి పంపితే బిడ్డకు నాలుగింతల డోసు వెళ్తుంది. "ఇంట్లో ఇప్పటికే ఏ మందు వేశారు? సీసా తెచ్చారా?" అని అడగకుండా డోసు చెప్పొద్దు. ఇంటి చెంచాలు ఒక్కో కొలతలో ఉంటాయి, సిరప్ మూతతో గానీ సిరంజితో గానీ కొలిచి, గీత ఎక్కడికి రావాలో పెన్నుతో గుర్తుపెట్టి ఇవ్వండి.

మెడ బిగుసుకుపోయిందా, ఒంటి మీద దద్దుర్లు ఉన్నాయా, జ్వరం వారం దాటిందా చూడండి. పాడేరు, భద్రాచలం లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో జ్వరం అనగానే మలేరియా కిట్‌తో పరీక్ష చేయాల్సిందే. డెంగీ రోజుల్లో ఇబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ సిరప్‌ల జోలికి పోవద్దు. డెంగీలో జ్వరం తగ్గిన తర్వాతే అసలు ప్రమాదం మొదలవుతుందని తల్లికి గట్టిగా చెప్పాలి. జ్వరం దిగాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చల్లబడిన చేతులు కాళ్లు కనబడితే అర్ధరాత్రయినా ఆసుపత్రికే.

జ్వరంలో ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం మన దగ్గర ఇంకా ఉంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, ఎంతసేపు వచ్చిందో గడియారం చూసి, వెంటనే తీసుకురావాలి. ఈ ఒక్క మాట తల్లితో పాటు ఇంట్లో పెద్దావిడకు కూడా చెప్పండి. తాళాలు పెట్టేది ఆమే.

చెవిలో చీము కారుతుంటే శుభ్రమైన పొడిగుడ్డను వత్తిలా చుట్టి, రోజుకు మూడుసార్లు తుడవాలి. నూనె పోయొద్దు. చెవి వెనక వాపు ఉంటే పంపేయండి.

జబ్బు ఏదైనా వదలకూడనివి

ఆరు నెలలు దాటిన ప్రతి బిడ్డకూ ఎడమ చేతికి టేపు చుట్టండి. 11.5 సెం.మీ. కన్నా తక్కువైనా, రెండు పాదాల మీద నొక్కితే గుంట పడుతున్నా అది తీవ్ర పోషకాహార లోపం. అలాంటి బిడ్డకు దగ్గు, మోషన్స్ కూడా ఉంటే ఇంటికి పంపడానికి లేదు, పోషకాహార పునరావాస కేంద్రం ఉన్న ఆసుపత్రికి పంపాలి. కొలత టేపు మీది ఆకుపచ్చ రంగులో పడకపోతే అంగన్‌వాడీ టీచర్‌కు కబురు పెట్టండి, బాలామృతం ప్యాకెట్ నిజంగా ఆ బిడ్డ నోట్లోకే పోతోందా కనుక్కోండి. ఎంసీపీ కార్డులో తప్పిన టీకాలు చూడండి. చిన్న జలుబు, కొద్దిపాటి జ్వరం టీకాకు అడ్డం కాదు.

రెండు నెలలలోపు పసికందు

ఇక్కడ "చూద్దాం" అన్న మాటే లేదు. పాలు సరిగ్గా తాగకపోవడం, ఫిట్స్, నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ శ్వాస, డొక్కలు బాగా ఎగరేయడం, 37.5 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా ఎక్కువ జ్వరం, 35.5 కన్నా తక్కువకు ఒళ్లు చల్లబడటం, తట్టితేనే కదలడం. ఒక్కటి ఉన్నా పంపాలి. శ్వాస 60 లేదా ఎక్కువ వస్తే మాత్రం ఇంకోసారి లెక్కపెట్టి ఖాయం చేసుకోండి. జ్వరమంటే అందరూ హడావిడి పడతారు గానీ చల్లబడిన పసికందును నిద్రపోతున్నాడనుకుని వదిలేస్తారు. చేతులతో ముట్టుకుని ఊరుకోకుండా చంకలో థర్మామీటర్ పెట్టండి. పంపేటప్పుడు బిడ్డను తల్లి ఛాతీకి ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టి, తలకు టోపీ పెట్టి పంపండి.

పంపడం ఎలా

గుటక వేయగలిగిన బిడ్డకు బయల్దేరే ముందు తల్లిపాలు పట్టించండి. పాలు తాగని వయసైతే 200 మి.లీ. నీళ్లలో నాలుగు చెంచాల పంచదార కలిపి 30 నుంచి 50 మి.లీ. పట్టండి, దారిలో చక్కెర పడిపోకుండా ఉంటుంది. గుటక వేయలేని బిడ్డ నోట్లో ఏమీ పోయొద్దు. చీటీలో వయసు, బరువు, మీరు లెక్కపెట్టిన శ్వాస, చూసిన గుర్తులు, ఇచ్చిన మందు, డోసు, ఇచ్చిన టైమ్ రాయండి. "పిల్లాడికి బాగోలేదు, చూడగలరు" అన్న చీటీ అక్కడి డ్యూటీ డాక్టర్‌కు ఏ రకంగానూ పనికిరాదు. వీలైతే ముందే ఫోన్ చేయండి.

"పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అనగానే తల్లి సరేనంటుంది. ఇంటికెళ్లాక వెళ్లరు. డబ్బుల టెన్షనో, ఇంట్లో ఇంకో బిడ్డను చూసేవాళ్లు లేకో, అత్తగారు వద్దన్నందుకో, బుధవారం బయల్దేరొద్దనో. కాబట్టి చీటీ చేతికిచ్చి ఊరుకోకుండా అడగండి: "ఎవరితో వెళ్తావమ్మా? పెద్దపాపను ఎవరు చూస్తారు? మీ ఆయనకు నేను ఫోన్ చేసి చెప్పనా?" అడ్డం ఏమిటో తెలిస్తే సగం అక్కడే తేలిపోతుంది. పెద్దపాపను ఆ రాత్రికి అంగన్‌వాడీ ఆయమ్మ ఇంట్లో ఉంచడం లాంటి ఏర్పాట్లు ఫోన్ మీదే అయిపోతాయి.

ఇంటికి పంపే బిడ్డల తల్లులకు వెంటనే తిరిగి రావాల్సిన గుర్తులు చెప్పండి. తాగలేకపోవడం, జబ్బు ముదరడం, కొత్తగా జ్వరం, గబగబా ఊపిరి, డొక్కలెగరేయడం, విరేచనంలో రక్తం. చెప్పాక "అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపుతారు. "ఏం కనబడితే వస్తావు, ఒకసారి చెప్పమ్మా" అని అడగండి. ఆమె చెప్పలేకపోతే మళ్లీ చెప్పండి.

సాయంత్రం రిజిస్టర్ మూసే ముందు ఆ రోజు పంపిన పిల్లల ఇళ్లకు ఫోన్ చేయండి, చేరారా లేదా అని. నెమ్ముకు మందిచ్చిన బిడ్డ రెండో రోజు రాకపోతే మూడో రోజు ఆశాతో కలిసి ఇంటికి వెళ్లి, గడపలోనే కూర్చుని మళ్లీ ఆ అరవై సెకన్లు లెక్కపెట్టండి. శ్వాస తగ్గి, పాలు బాగా తాగుతుంటే ఐదు రోజుల మందూ పూర్తి చేయమనండి. తగ్గకపోతే మందు నిజంగా వేశారా, సరైన డోసే వేశారా కనుక్కుని, మెడికల్ ఆఫీసర్‌తో మాట్లాడి అక్కడి నుంచే పంపండి.